పిల్లల పాదం వాపు, మడమ దగ్గర పెరిగే ఎముక: ఏ పరీక్ష, ఏ మందు ఎవరికి సరిపోతుంది

నేను మల్కాజిగిరిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పొద్దున మంచం దిగి, మడమ నేలకు ఆనించకుండా, గోడ పట్టుకుని మునివేళ్ల మీద బాత్రూమ్ దాకా వెళ్లాడు. పదింటికల్లా అదే పిల్లాడు కింద గల్లీలో క్రికెట్ ఆడుతున్నాడు. "ఎదిగే వయసు కదమ్మా, కాళ్లనొప్పులు ఉంటాయిలే" అంది మా అత్తయ్య. నేనూ అలాగే అనుకున్నాను. రెండు నెలలకు స్కూలు షూ కుడికాలికి పట్టడం మానేసింది. మెడలో వేలాడుతున్న టేపు తీసి పాదం మధ్యలో చుట్టూ కొలిచాను. ఎడమ పాదం కంటే కుడి పాదం ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది.

ఇప్పుడు వాడు పదో తరగతి. ఈ నాలుగేళ్లలో రుమటాలజీ (కీళ్లవాతం చూసే విభాగం) ఓపీ బెంచీల మీద నాలాంటి తల్లిదండ్రులను చాలామందిని చూశాను. అందరిదీ ఒకటే తికమక. మాత్రలతో ఇంకొన్నాళ్లు చూడాలా? ఖరీదైన ఇంజెక్షన్లకు వెళ్లాలా? ఎమ్మారై నిజంగా అవసరమా, ఎక్స్‌రే చాలదా? నేను డాక్టర్ని కాను. మందుల మోతాదులు పిల్లవాడి బరువు చూసి డాక్టరు వేసే లెక్క కాబట్టి అవి ఇక్కడ రాయలేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియక నేను పోగొట్టుకున్న ఏడాది మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

## పాదంలో ఏం జరుగుతోంది

జబ్బు పేరు జువెనైల్ స్పాండిలో ఆర్థ్రైటిస్. 16 ఏళ్లలోపు మొదలయ్యే కీళ్లవాతంలో ఇదొక రకం. ఫైల్లో చాలాసార్లు ఎంథసైటిస్ రిలేటెడ్ ఆర్థ్రైటిస్ అనో, పొట్టిగా ఈఆర్‌ఏ అనో రాస్తారు. మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల్లోనూ వస్తుంది. మన దేశంలో పిల్లల కీళ్లవాతం మీద వచ్చిన చాలా నివేదికల్లో ఎక్కువగా కనబడిన రకం ఇదే.

జాకెట్టు హుక్కు గుర్తు తెచ్చుకోండి. లాగుడు పడినప్పుడు గుడ్డ మధ్యలో చిరగదు, హుక్కు కుట్టిన చోట చిరుగుతుంది. పాదంలోనూ అంతే. పిక్క నుంచి దిగే లావుపాటి టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) మడమ ఎముకకు అతుక్కునే చోట, అరికాలి పట్టీ మడమ అడుగున అతుక్కునే చోట లాగుడంతా పడుతుంది. ఈ అతుకుల్నే ఎంథసిస్ అంటారు. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే అక్కడ వాపు పుట్టిస్తుంది. అందుకే పొద్దున మొదటి అడుగు నరకం, నాలుగు అడుగులు వేశాక కాస్త నయం.

వాపు నెలల తరబడి ఉంటే శరీరం అక్కడ కొత్త ఎముక వేయడం మొదలుపెడుతుంది. మడమ వెనకో అడుగునో ముల్లులా పెరగవచ్చు. అంతకంటే తీవ్రమైనది పాదం మధ్యలో జరుగుతుంది. చీలమండ కింద నుంచి పాదం నడుమ దాకా ఏడు చిన్న ఎముకలుంటాయి. వాటి మధ్య కీళ్లూ, చుట్టూ ఉన్న టెండన్లూ వాచిపోయి, చివరికి ఎముకకూ ఎముకకూ మధ్య వంతెన కట్టి అతుక్కుపోతాయి. దీన్ని యాంకిలోజింగ్ టార్సైటిస్ అంటారు. మెక్సికోకు చెందిన రుమటాలజిస్టు రూబెన్ బుర్గోస్ వర్గాస్ దీన్ని వివరంగా వర్ణించారు.

వాపును మందు తగ్గించగలదు. అతుక్కుపోయిన ఎముకను ఏ మందూ విడదీయలేదు. కింద చెప్పే ప్రతి ఎంపికనూ నేను ఈ ఒక్క మాటతోనే తూచాను: ఇది వాపును ఎముకగా మారకముందే తగ్గిస్తుందా?

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

- వాపు ఎక్కడుంది. మడమ ఒక్కటేనా, పాదం మధ్యభాగమా, తుంటి, నడుము కూడా ఉన్నాయా? మందు ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.
- ఎన్నాళ్లుగా ఉంది, పాదం వంగుతోందా. మడమను ఒక చేత్తో పట్టుకుని ముందుపాదాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పి చూడండి. బాగున్న కాలంత తిరగకపోతే ఆ మాట డాక్టరుకు మీరే ముందు చెప్పండి.
- పాదం బయటి లక్షణాలు. కన్ను ఎర్రబడి నొప్పి రావడం, వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, బరువు తగ్గడం, సోరియాసిస్ మచ్చలు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నడుంనొప్పి జబ్బు ఉందా అన్నది కూడా.
- ఇంట్లో టీబీ. తాతయ్యకు ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిందన్నా దాచకండి.
- ఖర్చు, ఫ్రిజ్, ప్రయాణం, సూది భయం. ఇవి చిన్న విషయాలు కావు. మందు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా వీటివల్లే.

## ముందు, ఇది ఆ జబ్బేనా?

మడమ నొప్పితో వచ్చే ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉండదు. ఆటలాడే పిల్లల్లో ఎక్కువగా కనబడేది సీవర్స్. అంటే మడమ ఎముక ఎదిగే చోట రాపిడి. దానికి ఏళ్ల తరబడి మందులు అక్కర్లేదు. ఇంకోవైపు, అస్సలు ఆలస్యం చేయకూడనివీ ఉన్నాయి.

| ఏమై ఉండవచ్చు | నొప్పి ఎప్పుడు | గుర్తుపట్టే తీరు |
|---|---|---|
| స్పాండిలో ఆర్థ్రైటిస్ | పొద్దున, కూర్చుని లేచినప్పుడు. కదిలితే కాస్త తగ్గుతుంది | అరగంట దాటి బిగుసుకుని ఉండటం, కనబడే వాపు, మోకాలు, తుంటి, నడుము కూడా |
| సీవర్స్ | ఆడాక. విశ్రాంతితో తగ్గుతుంది | సుమారు 8 నుంచి 14 ఏళ్లు, మడమను రెండు పక్కలా నొక్కితే నొప్పి, వాపు తక్కువ |
| పుట్టుకతో కలిసిన పాదం ఎముకలు | ఎక్కువ నడిచాక, ఎత్తుపల్లాల్లో | వంగని చదునైన పాదం, మాటిమాటికీ కాలు మడతపడటం, రక్తపరీక్షలు మామూలే |
| ఇన్‌ఫెక్షన్, ఎముక టీబీ | రోజంతా | ఒకే కాలు, వేడి, జ్వరం. టీబీ అయితే నెమ్మదిగా పెరిగే వాపు |
| రక్త క్యాన్సర్ వంటివి | రాత్రి నిద్రలో లేపేంత | పాలిపోవడం, కమిలిన మచ్చలు, జ్వరం, బరువు తగ్గడం |

చివరి రెండు వరుసల్లో ఏ ఒక్కటి అనుమానం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. మూడో వరుస గురించి ఒక హెచ్చరిక. పుట్టుకతో కలిసిన ఎముకలు కూడా 8 నుంచి 16 ఏళ్ల మధ్యలోనే గట్టిపడి నొప్పి మొదలుపెడతాయి. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. "ఇది జబ్బు వల్ల కలిసిందా, పుట్టుకతోనే ఉందా" అని తప్పకుండా అడగండి, ఎందుకంటే రెండింటి వైద్యం పూర్తిగా వేరు.

## ఎవరి దగ్గరికి వెళ్లాలి

మొదట వెళ్లేది పిల్లల డాక్టరు దగ్గరికో, ఎముకల డాక్టరు దగ్గరికో. అందులో తప్పు లేదు. కానీ వాపు ఆరు వారాలు దాటినా, పొద్దునపూట బిగుసుకుపోతున్నా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. పిల్లల రుమటాలజిస్టు దొరికితే మరీ మంచిది. హైదరాబాద్‌లో ప్రభుత్వరంగంలో అయితే పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. చిన్నపిల్లలకు నీలోఫర్ నుంచి మొదలుపెట్టి అక్కడి నుంచి రిఫరల్ అడగవచ్చు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు సనత్‌నగర్‌లో అడగండి. ప్రైవేటులో అయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఈ డాక్టరు పిల్లల కీళ్లవాతం చూస్తారా" అని అడిగేస్తే ఒక ట్రిప్పు మిగులుతుంది.

మా సంగతి చెబుతాను. ఇంటి దగ్గర ఒక క్లినిక్‌లో "నరం పట్టింది" అని ఆరు వారాలు పిండికట్టు వేశారు. కట్టు తీసేసరికి పిక్క సన్నబడింది, పాదం కర్రలా అయింది. లోపల వాపు ఉన్న కీలును కదలకుండా కట్టేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. పుత్తూరు కట్టు కట్టించమని చెప్పేవాళ్లూ ఉంటారు. విరిగిన ఎముక సంగతి ఏమైనా, ఇక్కడ ఎముక విరగలేదు. గట్టిగా కట్టి, నూనెతో గట్టిగా పిసికితే వాచిన అతుకుకు ఇంకా దెబ్బ.

## పరీక్షలు: దేనికి డబ్బు పెట్టాలి

| పరీక్ష | ఏం చూపిస్తుంది | ఏం చూపించదు | ఖర్చు |
|---|---|---|---|
| ఈఎస్ఆర్, సీఆర్‌పీ (రక్తపరీక్షలు) | ఒంట్లో వాపు స్థాయి | మామూలుగా వచ్చినా జబ్బు ఉండవచ్చు | తక్కువ |
| హెచ్‌ఎల్‌ఏ బి27 | జన్యుపరమైన మొగ్గు | జబ్బు ఉందో లేదో | మధ్యస్థం |
| ఎక్స్‌రే | పెరిగిన, కలిసిన ఎముక | తొలి నెలల వాపు | తక్కువ |
| డాప్లర్‌తో (రక్తప్రవాహం కూడా చూపే) అల్ట్రాసౌండ్ | మడమ అతుకుల్లో ఇప్పుడు నడుస్తున్న వాపు | ఎముక లోపలి వాపు | మధ్యస్థం |
| ఎమ్మారై | ఎముక లోపలి నీరు, పాదం మధ్య కీళ్లు, నడుం కింది కీళ్లు | ఎముకల కలయిక సీటీ అంత స్పష్టంగా | ఎక్కువ |
| సీటీ స్కాన్ | ఎముకల కలయిక స్పష్టంగా | వాపు | మధ్యస్థం, రేడియేషన్ ఉంటుంది |

జనం ఎక్కువగా బోల్తాపడేది హెచ్‌ఎల్‌ఏ బి27 దగ్గర. పాజిటివ్ అని చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ జబ్బూ రాదు. నెగెటివ్ వస్తే "హమ్మయ్య, లేదన్నమాట" అని ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. నెగెటివ్ వచ్చినవాళ్లలోనూ ఈ జబ్బు ఉంటుంది. అది నిర్ధారణలో ఒక ఆధారం, అంతే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కూడా ఈ జబ్బులో మామూలుగా నెగెటివే. "కీళ్లవాతం పరీక్ష నెగెటివ్ వచ్చింది" అని ఎవరైనా ఊరడిస్తే, ఏ పరీక్ష అని అడగండి.

ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకండి. ఎక్స్‌రేలో మార్పు కనిపించేసరికి ఆ మార్పు జరిగిపోయి ఉంటుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే నా ఎంపిక ఇలా: మడమ మాత్రమే అయితే డాప్లర్ అల్ట్రాసౌండ్. కండరాలు, కీళ్ల స్కాన్లలో చేయి తిరిగినవాళ్లు చేస్తేనే దానికి విలువ. పాదం మధ్యభాగం వాచినా, నడుము పట్టేసినా ఎమ్మారై. దానికి రేడియేషన్ ఉండదు, కానీ చాలాసేపు కదలకుండా పడుకోవాలి, మరీ చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాల్సి రావచ్చు. సీటీ స్కాన్‌ను ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పటికి ఉంచుకోవచ్చు.

## మందులు: ఎక్కడ ఆగాలి, ఎప్పుడు మెట్టెక్కాలి

మొదటి మెట్టు నాప్రోక్సెన్, ఐబూప్రొఫెన్ లాంటి వాపు మాత్రలు. అందరికీ మొదట ఇవే. చవక, తొందరగా పనిచేస్తాయి. కొంతమంది పిల్లలకు వీటితోనే సరిపోతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు నేనూ చేశాను. నొప్పి వచ్చినరోజు వేసి, లేనిరోజు మానేశాను. అలా వేస్తే నొప్పి తగ్గుతుంది, వాపు తగ్గదు. డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్నాక, రోజూ వేసి, నెల నుంచి రెండు నెలలకు తేడా చూడాలి. కడుపు మంట, నల్లటి విరేచనం వస్తే వెంటనే చెప్పాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద భారం పడుతుంది, అప్పుడు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇంకొకటి, మన ఊరివాళ్లు మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది: వానాకాలంలో జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా ఈ మాత్రలు వేయకూడదు, రక్తస్రావం ప్రమాదం ఉంది. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే.

స్టెరాయిడ్లు రెండు రకాలుగా ఇస్తారు. చీలమండ, పాదం కీలు లోపలికి ఇచ్చే ఇంజెక్షన్ కొన్ని నెలలు బాగా ఉపశమనం ఇస్తుంది. కానీ మడమ వెనకున్న టెండన్‌లోకి ఇస్తే అది తెగే ప్రమాదం ఉంది. "ఎక్కడ ఇస్తున్నారు, స్కాన్ చూస్తూ ఇస్తారా" అని అడగడంలో మొహమాటం వద్దు. నోటి మాత్రలైతే అసలు మందు పట్టేదాకా కొద్దివారాల వంతెన లాంటివి. నెలల తరబడి వాడితే ఎదుగుదల తగ్గుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముక బలహీనపడుతుంది. త్వరగా పరిగెత్తిస్తున్నాయని మందుల షాపులో అడిగి కొనసాగించేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

మూడో మెట్టు సల్ఫాసలజిన్, మెథోట్రెక్సేట్. చాలా కుటుంబాలు ఎటూ తేల్చుకోలేక ఆగిపోయేది ఇక్కడే. ఇవి ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి, నెలకు భరించగల ఖర్చు. మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్లు వాచినప్పుడు ఉపయోగపడతాయి. పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కానీ మడమ అతుకుల మీద వీటి ప్రభావం తక్కువ, నడుము మీద దాదాపు లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల ప్రకారం, మొదటి మెట్టు మాత్రలకు అతుకుల వాపు లొంగనప్పుడు ఈ రెండింటికంటే టీఎన్ఎఫ్ ఇంజెక్షన్లకే (వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునేవి, కింది పట్టికలో మొదటి రెండు) మొగ్గు. నడుం కింది కీళ్లకు మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడవద్దని అందులో గట్టిగానే చెప్పారు.

జాగ్రత్తలు: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేస్తే ప్రాణాంతకం. మేము క్యాలెండర్లో ఆదివారాలకు ఎర్రపెన్నుతో గుండ్రం చుట్టుకునేవాళ్లం. సల్ఫాసలజిన్‌కు ముందు సల్ఫా మందులు పడతాయా అన్నది చెప్పాలి, జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువ కావడం) ఉందేమో అడగాలి. రెండింటికీ రక్తపరీక్షలు క్రమం తప్పకుండా ఉంటాయి.

మా వాడు సల్ఫాసలజిన్ మీద అయిదు నెలలున్నాడు. చీలమండ తగ్గింది. అది చూసి "పనిచేస్తోంది" అనుకున్నాం. పాదం మధ్యలో మాత్రం టేపు కొలత కదల్లేదు. దాన్ని నేను చూసీ అడగలేదు.

నాలుగో మెట్టు బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల్లో తయారుచేసే, వాపు సంకేతాలను అడ్డుకునే మందులు. మడమ, పాదం మధ్య, నడుము, మూడింటి మీదా ఎక్కువ బలంగా పనిచేసేవి ఇవే. కొందరికి కొద్దివారాల్లోనే, చాలామందికి మూడు నెలల్లోపు తేడా తెలుస్తుంది. ఖర్చు ఎక్కువ, ఇన్‌ఫెక్షన్ల జాగ్రత్త ఎక్కువ. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి పరీక్ష చేస్తారు. నిద్రాణంగా టీబీ ఉంటే ముందు దానికి మందు వాడాలి. ఇంజెక్షన్ల మీద ఉన్నప్పుడు ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు సాధారణంగా వేయరు. అందుకే మిగిలిన టీకాలేమైనా ఉంటే ముందే వేయించుకునే వీలుందా అని అడగండి.

## ఇంజెక్షన్‌కే వెళ్తే ఏది?

| మందు | ఎన్నాళ్లకోసారి | ఎవరికి మేలు | ఎవరికి వద్దు |
|---|---|---|---|
| ఎటానెర్‌సెప్ట్ | మామూలుగా వారానికి | కీళ్లు, మడమ వాపు మాత్రమే ఉన్నవాళ్లు | కంటి వాపు పదేపదే వచ్చేవాళ్లు, పేగు జబ్బు ఉన్నవాళ్లు |
| అడాలిముమాబ్ | రెండు వారాలకోసారి | కన్ను, పేగు సమస్య కూడా ఉన్నవాళ్లు | టీబీకి వైద్యం మొదలుకానివాళ్లు (ఈ పట్టికలోని అన్ని మందులకూ వర్తిస్తుంది) |
| సెకుకినుమాబ్ | మొదట వారంవారం, తర్వాత నాలుగు వారాలకోసారి | టీఎన్ఎఫ్ మందు పనిచేయనివాళ్లు, సోరియాసిస్ ఉన్నవాళ్లు | పేగు వాపు జబ్బు ఉన్నవాళ్లు |
| టోఫాసిటినిబ్ | మాత్ర, రోజూ | సూదులు అస్సలు కుదరనివాళ్లు, పై మందులు పనిచేయనివాళ్లు | మొదటి ఎంపికగా కాదు |

సెకుకినుమాబ్‌కు నాలుగేళ్లు దాటిన పిల్లల్లో ఈఆర్‌ఏ కోసం అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) 2021 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. టోఫాసిటినిబ్‌కు 2020లో వచ్చిన అనుమతి ఎక్కువ కీళ్లు వాచే రకానికి. మన రోగంలో దాన్ని డాక్టరు అనుభవం మీద వాడతారు.

ఖర్చు గురించి. మన దేశంలో బయోసిమిలర్లు ఉన్నాయి, అంటే అసలు మందుకు సాటిగా ఇక్కడే తయారైనవి. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్ 2014లో మన దేశంలోనే వచ్చింది, జైడస్ వాళ్ల ఎగ్జెంప్టియా. అసలు బ్రాండుతో పోలిస్తే ఇవి చవక. డాక్టరు బ్రాండు పేరు రాస్తే బయోసిమిలర్ రాయగలరా అని అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అయితే ఈ ఇంజెక్షన్లు ఏ ప్యాకేజీ కింద వస్తాయి, ఏ ఆస్పత్రిలో వస్తాయి అన్నది ఆస్పత్రి గేటు దగ్గరున్న ఆరోగ్యమిత్రను మందు మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి. ఒకటి రెండు డోసులు అప్పుచేసి వేయించి ఆపేయడం కంటే, ఏడాదికి సరిపడా దారి చూసుకుని మొదలుపెట్టడం మంచిది. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో కొన్నిసార్లు మందు మునుపటిలా పనిచేయదు.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. డోరు అరలో కాదు, మధ్య అరలో పెట్టండి. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాక్‌కు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. వేసే అరగంట ముందు బయట పెడితే మంట తగ్గుతుంది.

## మీది ఏ పరిస్థితి?

మడమ నొప్పి ఒక్కటే ఉండి, పాదం బాగా తిరుగుతూ, స్కాన్‌లో కొద్ది వాపే ఉంటే తొందరపడకండి. వాపు మాత్రలు క్రమంగా, షూ మార్పు, ఫిజియోథెరపీ, రెండు నెలలకు మళ్లీ చూపించడం. ఇంజెక్షన్ల మాట అప్పుడే అక్కర్లేదు.

పాదం మధ్యలో ఉబ్బి, తిరగడం తగ్గుతూ ఉంటే వేచి చూసే కాలం మీకు తక్కువ. "ఈ మందు ఎన్ని వారాలు చూద్దాం, అప్పటికి తగ్గకపోతే తర్వాత మెట్టు ఏమిటి" అని అదే రోజు తేదీతో సహా అడగండి. ఈ లక్షణం ఉన్న పిల్లవాడికి సల్ఫాసలజిన్ మీద ఏడాది గడపడం నాకు సమ్మతం కాదు.

కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే అది కళ్లకలక అనుకుని చుక్కలు కొనకండి. అదేరోజు కంటి డాక్టరుకు చూపించాలి. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. రుమటాలజిస్టుకు కూడా చెప్పండి, ఎందుకంటే ఇంజెక్షన్ ఎంపిక దానితో మారిపోతుంది.

సిద్దిపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు వారంవారం కంటే రెండు వారాలకోసారి వేసేదే సుఖం. ఇంట్లోనే వేయడం నర్సు దగ్గర నేర్చుకోండి. మొదటిసారి నా చేతులు వణికాయి. "అమ్మా, నువ్వు సూదితోనే కదా రోజంతా పని చేసేది" అన్నాడు వాడు. మూడోసారికి వాడే వేసుకున్నాడు.

## షూ, నేల, ఆట

మన ఇళ్లలో గ్రానైటు, టైల్సు నేలలు మడమకు పగ. ఇంట్లో మెత్తటి చెప్పులు తప్పనిసరి, మంచం పక్కనే ఉండాలి. స్కూలు షూ కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం పూర్తిగా వాచి ఉంటుంది. వాపున్న కాలికే ముందు తొడిగించండి. ముందుభాగం వెడల్పుగా, మడమ కాస్త ఎత్తుగా, లోపల మెత్తటి మడమకప్పు పట్టేలా ఉండాలి. అట్టలా చదునుగా ఉండే నల్ల షూ వద్దు. స్కూలు ఒప్పుకోకపోతే డాక్టరు చీటీ తీసుకెళ్లండి. అప్పటికప్పుడు చేయించే ఖరీదైన ఆర్థోటిక్స్ (షూ లోపలి అచ్చులు) కంటే ముందు సిలికాన్ మడమకప్పు వాడి చూడటం నయం. పాదం ఆకారం మారినవాళ్లకు మాత్రం కొలతకు చేయించినవే కావాలి.

గుడిలో చెప్పులు విప్పాలి కదా అని చాలామంది అడుగుతారు. యాదగిరిగుట్టకు వెళ్లినప్పుడు మేము మందపాటి సాక్సులు వేయించాం. పొద్దున్నే, రాళ్లు కాలకముందే దర్శనం చేసుకున్నాం. అభ్యంతరం పెట్టినవాళ్లు లేరు.

ఆట మాన్పించకండి. ఈత, సైకిలు మేలు. వాపు ఎక్కువున్న వారాల్లో గెంతడం, పరుగు తగ్గించాలి. పిక్క సాగదీసే వ్యాయామం రోజూ, వేడినీళ్ల స్నానం తర్వాత. పొద్దున మంచం దిగకముందే పాదాలతో గాల్లో అఆలు రాయించండి.

## ఆపరేషన్ మాట

"మడమలో ఎముక పెరిగింది, తీసేద్దాం" అని ఎవరైనా మొదటిసారికే అంటే రెండో డాక్టరును అడగండి. లోపల వాపు తగ్గకుండా ముల్లు తీసేస్తే మళ్లీ పెరగవచ్చు. పైగా నొప్పి చాలావరకు ముల్లుది కాదు, వాపుది. పాదం వంకరగా అతుక్కుపోయి నడక పాడైనప్పుడు, జబ్బు అదుపులోకి వచ్చాక, పాదాన్ని నిటారుగా నిలిపేందుకు ఆపరేషన్ అవసరం పడవచ్చు. అలాంటివాళ్లు తక్కువ.

## ఎంచుకున్నది పనిచేస్తోందా

ఒక నోటుబుక్కులో నెలకోసారి, ఒకే రోజు, సాయంత్రం పూట రాయండి: పొద్దున ఎన్ని నిమిషాలు బిగుసుకుంది, రెండు పాదాల మధ్య చుట్టుకొలత, ఒంటికాలి మునివేళ్ల మీద ఎన్నిసార్లు లేవగలిగాడు, మానేసిన డోసులు. చుట్టుకొలతకు బొటనవేలి కొస నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర టేపు పెట్టారో కూడా రాసుకోండి, లేకపోతే ప్రతినెలా వేరేచోట కొలుస్తారు.

నొప్పి పోగానే మందు మానేయడం ఈ జబ్బులో పెద్ద పొరపాటు. ఎన్నాళ్లు ప్రశాంతంగా ఉంటే తగ్గించవచ్చో డాక్టరుతో మాట్లాడి, డోసుల మధ్య దూరం పెంచుకుంటూ పోవాలి.

అడాలిముమాబ్ మొదలయ్యాక మా వాడి కుడి పాదం నెలనెలా తగ్గుతూ వచ్చింది. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా అర సెంటీమీటరు దగ్గర ఆగింది. ఇంకా ఎందుకు తగ్గట్లేదని అడిగితే డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, రెండు చిన్న ఎముకల మధ్య ఉండాల్సిన నల్లటి గీత చెరిగిపోయిన చోట వేలు పెట్టారు. "ఇది వాపు కాదమ్మా, ఎముక" అన్నారు. మేము వృథా చేసిన నెలల్లో కట్టిన వంతెన అది. మిగతా కీళ్లు తెరుచుకునే ఉన్నాయి. వాడు ఆడతాడు, మెట్లెక్కుతాడు, ఇసుకలో నడిస్తే మాత్రం కాస్త ఇబ్బంది.

ఆ నోటుబుక్కు పేజీని ప్రతిసారీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుంటాను. ఓపీలో మన వంతు వచ్చేసరికి ఫైలు తిరగేసే టైమ్ ఉండదు, ఫొటో చూపిస్తే డాక్టరుకు ఆరు నెలల కథ ఒక్క చూపులో తెలుస్తుంది.